పాత నేస్తం

ఇంగ్లండులో కాపురముంటున్న నాకు, భూమిలో లోహాలు పసిగట్టే యంత్రంతో పొలాల వెంట తిరగడం ఓ పిచ్చి. నా పాత యంత్రాన్ని చూసి జాలిపడి అబ్బాయి కొత్తది కొనిచ్చాడు.

మొన్న పెరట్లో కలుపు తీస్తుంటే మా ఆవిడ పుస్తె ఒకటి జారిపోయింది. ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు. కొత్త యంత్రంతో పెరడంతా గాలించాను, కిక్కురుమనలేదు. పాతదాన్ని దింపాను. మూడుచోట్ల డబ్బామూతల రేకులు, నాలుగోచోట పుస్తె!

రేకుముక్కలకు పలకవద్దని కొత్తదానికి కట్టడి చేసింది నేనే. చిన్న బంగారమూ, ఆ రేకూ యంత్రానికి ఇంచుమించు ఒకటే. చెత్త వద్దంటే బంగారమూ పోతుంది.

ఆ మాటకొస్తే, 2009లో స్టాఫర్డ్‌షైరు బంగారు నిధి టెర్రీ హెర్బర్టుకు దొరికింది 14 ఏళ్ళనాటి యంత్రంతోనే.

"అయితే కొత్తదాన్ని పారేస్తారా?" అంది మా ఆవిడ.

"తప్పు దానిది కాదోయ్! దాని భాష నాకింకా రాలేదు" అన్నాను.