వెండితెరపై సీమపలుకు

గుంతకల్లు రైలుకూడలి. తెలుగు, కన్నడము, ఉర్దూ మూడును ఒక్క బల్లపై కూర్చుండి టీ త్రాగు నూరు. ఇచ్చటి యిండ్లలోని తెలుగు సినిమాలో వినబడినపుడెల్ల నేను చెవి యొగ్గుదును, పెక్కుమారులు నొచ్చుకొందును.

1999లో 'సమరసింహారెడ్డి', 2001లో 'నరసింహనాయుడు', 2002లో 'ఇంద్ర' విజయము నందిన పిదప, సీమ యనిన వేటకొడవలి, నాటుబాంబు అనియే లోకమునకు స్థిరపడినది. కక్షలు లేవని నేననను. వానివలన తాళి తెగిన స్త్రీలను మేమెఱుగుదుము. కాని యట్టి చిత్రములలో ఆ స్త్రీల కథ యెచ్చట? వాన రాక వేరుసెనగ యెండిన చేనెచ్చట? బిందెడు నీటికై నడచిన దూరమెచ్చట? మా పలుకును తఱచుగా దుష్టపాత్రకో హాస్యపాత్రకో యిచ్చివేసిరి. ఒకనాడు రైలులో తోడిప్రయాణికుడొకడు మా యూరి పేరు విని, సంచిలో నేమున్నదని నవ్వుచు నడిగెను. నేను నవ్వలేదు.

చిత్రము కోట్ల రూపాయల సరకు, పరదేశములలో గూడ నమ్ముడుపోవలెను, కావున నూరి వాసన తగ్గింపవలెనని వర్తకనీతి నెఱిగినవా రందురు. నాకీ వాదము సరిపడదు. 2023 మార్చిలో అమెరికాలో ఆస్కారు బహుమాన మందిన 'నాటు నాటు' పాటనే చూడుడు. చంద్రబోసుగారు వ్రాయగా కీరవాణిగారు స్వరపఱచిన యా పాటలో జొన్నరొట్టె, మిరపతొక్కు ఉన్నవి. చిత్రీకరించినది మాత్రము ఉక్రెయినులోని కీవునగరమున, రాజప్రాసాదము ముంగిట! రొట్టె మనది, మేడ పరులది. బేర మట్లు కుదిరినది.

ఆ సభకే ఐర్లండునుండి 'ది క్వైట్ గర్ల్' అను చిత్రము వచ్చెను. ఇంగ్లీషు పెత్తనము చేయు నా దేశమున, దినదినము మాటాడువారు మిక్కిలి తక్కువైన ఐరిషుభాషలో దానిని తీసిరి. పేదయింటి పిల్ల యొకతె బంధువులయింట నొక వేసవి గడపుటయే కథ. బహుమానము రాలేదు గాని, అన్యదేశచిత్రముల తుదిపట్టికలో ఐరిషు భాషాచిత్రము నిలుచుట అదియే మొదలు.

ఇట్టిది మనకును కలదు. 2021లో ప్రవీణ్ కాండ్రేగులగారు తీసిన 'సినిమా బండి'లో, ఆంధ్ర కర్ణాటకముల సరిహద్దుపల్లెకు చెందిన వీరబాబుకు తన ఆటోలో విలువైన కెమెరా యొకటి దొరకును. అతడు ఊరివారితోనే సినిమా తీయబూనును. పెండ్లిఫోటోలు తీయువాడు ఛాయాగ్రాహకుడు, క్షవరము చేయువాడు నాయకుడు! బాంబు లేదు, కొడవలి లేదు. పలుకు సరిహద్దుపలుకే. నెట్‌ఫ్లిక్సు ద్వారా నది పలుదేశముల కేగినది. మద్రాసునకో హైదరాబాదునకో పోయి భాష మార్చుకొని రానక్కఱలేకపోయినది.

మా యింట దానిని చూచుచుండగా, పట్టణమున చదువుచున్న పిల్ల తెర యడుగున వచ్చు ఇంగ్లీషు వాక్యములనే చదువుచుండెను. అవ్వ కసరినది: "వాటినేం సదువుతావే, మనోళ్లే గదా మాట్లాడేది!" పిల్ల యా యింగ్లీషును తీసివేసినది. మిగిలిన చిత్రము నట్లే చూచితిమి.