మనసు దాచుకొనే ఆట

ఆండ్రాయిడ్: నెట్‌రన్నర్ అనే కార్డుల ఆటను ఇద్దరు ఆడతారు. ఒకరు భవిష్యత్కాలపు ఒక మహావాణిజ్య సంస్థ పక్షాన ఉంటారు. మరొకరు ఆ సంస్థ కంప్యూటర్లలోకి చొరబడి రహస్య ప్రణాళికలను అపహరించే హ్యాకర్. రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే అమెరికన్ గణితజ్ఞుడు 1996లో రూపొందించిన ఆటను సంస్కరించి 2012లో ఈ పేరుతో వెలువరించారు. 2018లో ఆ ప్రచురణ నిలిచిపోయినా, అభిమానులే ఒక సంస్థగా ఏర్పడి కొత్త కార్డులతో ఆటను బతికించుకొన్నారు.

ఇందులోని వాణిజ్య సంస్థలలో జింటెకి ఒకటి. అది మనుషులను ప్రయోగశాలలో తయారుచేస్తుంది. అలా పుట్టిన క్లోన్‌లలో కొందరికి పరుల మనసులను చదివే శక్తి ఉంటుందని ఆట కల్పన. కాప్రిస్ నిసెయి అటువంటి యువతి. ఆమె కార్డు కాపలా ఉన్నచోటికి హ్యాకర్ అడ్డంకులన్నీ దాటి వచ్చాడనుకొందాం. అప్పుడు ఇద్దరూ తమ ధనంలోనుంచి సున్నా, ఒకటి, రెండు క్రెడిట్లలో ఏదో ఒక మొత్తాన్ని గుప్పిట్లో దాచుకొంటారు. ఒక్కసారిగా గుప్పిళ్ళు విప్పుతారు. రెండు మొత్తాలూ సమానమైతే హ్యాకర్ ముందుకు సాగుతాడు. వేరువేరైతే అతని దాడి అక్కడితో ముగుస్తుంది. గెలిచినా ఓడినా గుప్పిట్లోని క్రెడిట్లు తిరిగి రావు. దివ్యదృష్టికి, పరకాయప్రవేశానికి అలవాటుపడిన మన పురాణపాఠకులకు ఈ నియమం మరీ సాదాగా కనిపించవచ్చు. కాని దీనిలోని చిక్కు ఆడేవారికే తెలుస్తుంది.

ఆరాంఘర్ కూడలికి సమీపంలోని ఒక అద్దె ఇంటిలో ఈ ఆట ఆడే మేనమామ, మేనల్లుడు ఉన్నారు. మెహిదీపట్నం నుంచి 11.6 కిలోమీటర్ల పొడవున స్తంభాలమీద సాగివచ్చే పి.వి. నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే నేలకు దిగేది ఆ కూడలివద్దనే. అక్కడినుంచి శంషాబాదు దారి పట్టిన వాహనాల రొద అర్ధరాత్రి కూడా అణగదు. 2008లో విమానాశ్రయం ప్రారంభమైన నాటినుంచి ఆ పరిసరాలలో దానిని ఆశ్రయించి బతికే కుటుంబాలు అనేకం పెరిగాయి. మేనమామ అక్కడి సరుకుల గిడ్డంగిలో పనిచేస్తాడు. మేనల్లుడు ఇంటర్మీడియట్ విద్యార్థి. విదేశంనుంచి తిరిగివచ్చిన మిత్రుడొకడు తాను ఆడగా మిగిలిన పెట్టెను, దానికి అనుబంధంగా వచ్చిన కార్డుల కట్టలను మేనమామకు ఇచ్చి వెళ్ళాడు. రాత్రి డ్యూటీ లేని రోజున భోజనాలయ్యాక చాప పరచుకొని ఇద్దరూ ఆటకు కూర్చొంటారు.

మేనల్లుడు ఎప్పుడూ జింటెకి పక్షమే. ఎప్పుడూ ఓటమే. అతని లెక్క అతనికి న్యాయంగానే తోచేది: గెలిచినా ఓడినా పోయే సొమ్మును ఖర్చు పెట్టడమెందుకని చాలాసార్లు ఖాళీ గుప్పిటే పట్టేవాడు. మేనమామ కూడా ఖాళీ గుప్పిటే విప్పేవాడు. పైసా ఖర్చు లేకుండా దాడి సఫలమయ్యేది.

“మామయ్యా, నీకు నా మనసెలా తెలుస్తోంది?” అని ఒకనాడు కుర్రవాడు నిలదీశాడు.

“నీ మనసెందుకురా అల్లుడూ, నీ గుప్పిట చాలదా? రెండు పెట్టిననాడు వేళ్ళు బిగిస్తావు. పొదుపు చేసిననాడు చెయ్యి వదులుగా ఉంటుంది,” అన్నాడు మేనమామ.

గుప్పిట బిగువును సరిదిద్దుకోవడం సులభమే. అలవాటును సరిదిద్దుకోవడం అంత సులభం కాదు. దానికి కొంత గణితం కావాలి. ఒక దాడి నెరవేరడం ఇరువురికీ పన్నెండు క్రెడిట్ల విలువ చేస్తుందనుకొందాం. అప్పుడు కాపలా కాసేవాడు పన్నెండుసార్లలో సుమారు మూడుసార్లు సున్నాను, నాలుగుసార్లు ఒకటిని, అయిదుసార్లు రెండును ఎంచుకోవాలి. అలా చేసినంతకాలం హ్యాకర్ ఏ అంకె పట్టినా అతనికి దక్కే సగటు లాభంలో తేడా ఉండదు. సున్నా పడితే మూడుసార్లే కలిసినా ఖర్చు లేదు. రెండు పడితే అయిదుసార్లు కలిసినా ప్రతిసారీ రెండు క్రెడిట్లు పోతాయి. హ్యాకర్ పాటించవలసిన లెక్క దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది: అయిదుసార్లు సున్నా, నాలుగుసార్లు ఒకటి, మూడుసార్లు రెండు. ఖరీదైన అంకెను ఎక్కువగా వాడవలసినవాడు కాపలాదారే అన్నది మొదట వింతగా తోస్తుంది. అతడు పొదుపరి అని ఎదుటివాడు ముందే ఊహిస్తాడు కనుక ఆ ఊహను వమ్ము చేయడానికి వెల చెల్లించక తప్పదు. దాడి విలువ పన్నెండుకన్న పెరిగేకొద్దీ మూడు అంకెల వాటాలూ సమానానికి దగ్గరవుతాయి.

అయితే ఏ వరుసలో ఎంచుకోవాలి? మూడు తరువాత నాలుగు, ఆ తరువాత అయిదు అని క్రమం పెట్టుకొంటే అదీ అలవాటే అవుతుంది. తనకు తోచినట్లు కలగాపులగం చేయబోయినా మనిషి బుద్ధి ఒకే అంకెను వెంటవెంటనే వేయడానికి జంకుతుంది. ఆ జంకును కూడా ఎదుటివాడు కనిపెట్టగలడు. మేనల్లుడు చివరికి తన చేతి గడియారాన్ని ఆశ్రయించాడు. చాప అంచు కింద చెయ్యి దాచి సెకన్ల ముల్లును చూస్తాడు. ముల్లు పన్నెండుకూ మూడుకూ నడుమ ఉంటే సున్నా. మూడుకూ ఏడుకూ నడుమ ఉంటే ఒకటి. ఏడుకూ పన్నెండుకూ నడుమ ఉంటే రెండు. తానేమి పట్టబోతున్నాడో ఆ క్షణం వరకు అతనికే తెలియదు. ఇక మేనమామ చదవడానికి అతని మనసులో ఏముంది? గోడ గడియారాన్ని చూస్తే మాత్రం పని చెడుతుంది. దానిని మేనమామ కూడా చూడగలడు.

మహాభారతంలోని నలోపాఖ్యానం దగ్గర ఈ కథను కాసేపు నిలిపి చూడాలి. నన్నయ ఆరణ్యపర్వంలో తెలుగు చేసిన ఆ కథలో, జూదంలో సర్వస్వం కోల్పోయిన నలుడు బాహుకుడనే మారుపేరుతో ఋతుపర్ణుడికి సారథిగా ఉంటాడు. రథం విదర్భకు పరుగెడుతుండగా ఋతుపర్ణుడు దారిపక్కనున్న తాండ్రచెట్టును చూచి దాని ఆకులను, కాయలను అంకెలలో చెబుతాడు. నలుడు నమ్మడు. రథం ఆపి తానే లెక్కిస్తే సరిపోతుంది. ఆ విద్యకు మూలమైన అక్షహృదయాన్ని ఋతుపర్ణుడు నలుడికి ఉపదేశించగా, నలుడు బదులుగా అశ్వహృదయాన్ని ఇవ్వడానికి ఒప్పుకొంటాడు. ప్రాచీన భారతంలో తాండ్రకాయలనే పాచికలుగా వాడేవారని గుర్తుంచుకొంటే, వ్యాసుడు ఈ విద్యకు ఆ చెట్టునే ఎందుకు ఎంచుకొన్నాడో బోధపడుతుంది. అక్షహృదయం మంత్రమే కావచ్చు; కథలో అది లెక్కగానే కనిపిస్తుంది. గణాంకశాస్త్ర చరిత్ర రాసినవారు ఈ ఘట్టాన్ని ప్రస్తావించడానికి కారణమదే. అది అలవడగానే కలిపురుషుడు నలుడి దేహాన్ని విడిచిపోవడం సామాన్యమైన ఊహ కాదు. శ్రీహర్షుడి నైషధం, దానిని అనుసరించిన శ్రీనాథుడి శృంగార నైషధం కల్యాణంతో ముగిసి జూదం దాకా రాకపోవడంవల్ల ఈ భాగాన్ని మన విద్యార్థులు తరచుగా మరచిపోతారు.

మనసు చదివే శక్తిని కార్డులతోనే పరీక్షించిన ప్రయత్నం ఇరవయ్యవ శతాబ్దంలో నిజంగానే జరిగింది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో జె.బి. రైన్ వాడిన కట్టలో ఇరవై అయిదు కార్డులుండేవి. వృత్తం, కూడిక గుర్తు, అలలు, చతురస్రం, నక్షత్రం అనే అయిదు గుర్తులు ఒక్కొక్కటి అయిదేసి కార్డులమీద ఉండేవి. ఊరకే ఊహించినా సగటున అయిదు సరిపోతాయి. అంతకుమించి చెప్పగలవారున్నారని రైన్ 1934లో గ్రంథం ప్రకటించాడు. ఆయనతో కలిసి పరిశోధించిన తెలుగువాడు ఆచార్య కోనేరు రామకృష్ణారావు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో అతీంద్రియ మనస్తత్వశాస్త్రానికి ఒక విభాగాన్నే నెలకొల్పాడు. అదే విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడిగానూ పనిచేశాడు. 2011లో పద్మశ్రీ పొంది, 2021లో మరణించాడు. ఆ పరిశోధనల నిజాయితీని శంకించనక్కరలేదు. కాని పరీక్షలలోని లోపాలను సరిచేసి ఇతరులు మళ్ళీ చేసినప్పుడు ఆ ఫలితాలు నిలకడగా రాలేదు. అందువల్ల శాస్త్రలోకం వాటిని అంగీకరించలేదు.

ఇవన్నీ మేనమామకు తెలుసునో లేదో గాని, ఒక్క సంగతి మాత్రం అనుభవంలో తెలుసు. ఆరాంఘర్‌కు కొత్తగా వచ్చిన రోజులలో అతడు సెల్‌ఫోనులో పందెపు రమ్మీ ఆడి రెండు నెలల జీతం పోగొట్టుకొన్నాడు. ఎదుటివాడు ఏ ముక్క కోసం చూస్తున్నాడో తన మనసుకు తడుతోందని నాలుగుసార్లు గెలిచినప్పుడు నమ్మాడు. ఆ నమ్మకంతోనే నలభైసార్లు ఓడాడు. ఇంటి అద్దెకు భార్య గాజులు తాకట్టుకు వెళ్ళాయి. పందెంతో ఆడే ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ ప్రభుత్వం 2017లో నిషేధించింది. డబ్బు పందెంగా ఉండే ఆన్‌లైన్ ఆటలన్నింటినీ నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. చట్టాలు రావడానికి ముందే పోయిన గాజులు తిరిగి రాలేదు. అందుకే చాపమీది ఆటలో రూపాయి ప్రస్తావన వస్తే అతడు కార్డులు సర్దేస్తాడు. మేనల్లుడికి గడియారపు కిటుకు తట్టిందని గ్రహించిన రాత్రి అతడు ఓడిపోయి, ఎన్నడూ లేనంతగా సంతోషించాడు.

సంతోషించినంత మాత్రాన ఊరుకొన్నాడా అంటే, లేదు. గుప్పిట చదవలేనప్పుడు ఖజానాను చదవవచ్చునని అతనికి తోచింది. చేతిలో ఒక్క క్రెడిటూ లేని కాపలాదారుడు సున్నాయే పట్టాలి. అప్పుడు హ్యాకర్‌కు ఏ దివ్యదృష్టీ అక్కరలేదు. ఒక్క క్రెడిటు మిగిలినవాడికి రెండే దారులు, హ్యాకర్‌కు దాదాపు సగానికి సగం అవకాశం. మూడు అంకెలలో ఏదైనా పట్టగలగాలంటే కనీసం రెండు క్రెడిట్లు నిలవ ఉండాలి. హ్యాకర్‌కూ ఇదే వర్తిస్తుంది: అడ్డంకులు దాటడానికే సొమ్మంతా ఊడ్చుకొని ఖాళీ చేతులతో కాప్రిస్ ముందుకు వస్తే, ఎదుటివాడు నిర్భయంగా ఒకటి పట్టి అతణ్ణి వెనక్కు పంపుతాడు. అందువల్ల మేనమామ ముందుగా వేరే చోట్ల చిన్నచిన్న దాడులు చేసి, అక్కడి అడ్డంకులను మేల్కొలిపే ఖర్చును మేనల్లుడి నెత్తిన వేస్తున్నాడు. తన దగ్గర రెండు క్రెడిట్లు మిగిలేట్లు చూసుకొని ఆపైనే కాప్రిస్ ఉన్నచోటికి వస్తున్నాడు. మేనల్లుడు ఈ మధ్య గడియారం కన్నా ముందు తన క్రెడిట్లను లెక్కపెట్టుకొంటున్నాడు.