ఏటేటా తీర్చే ఋణం

కృతజ్ఞతను గురించి తరగతి గదిలో పాఠం చెప్పడం సులభం. శతక పద్యాలు చేతిలో ఉంటాయి. ఉదాహరణలు నాలుక మీద ఉంటాయి. నేనూ కొన్ని సంవత్సరాలుగా ఆ పాఠం చెబుతూనే ఉన్నాను. కాని దానిని నేను నిజంగా నేర్చుకున్నది మాత్రం మన దేశానికి వేల మైళ్ళ దూరాన, మంచు కురిసే ఒక ఓడరేవు నగరంలో, నా మతానిది కాని ఒక పండుగ వేడుకల నడుమ.

2022 నవంబరులో మా చెల్లెలి పురిటికి అమ్మ కెనడా వెళ్ళవలసి వచ్చింది. అంత దూరం ఒంటరిగా వెళ్ళలేనన్నది. కళాశాలకు సెలవు పెట్టి నేను తోడు వెళ్ళాను. చెల్లెలి కుటుంబం ఉండేది ఆ దేశపు తూర్పు తీరాన, నోవా స్కోషియా రాష్ట్రానికి రాజధాని అయిన హాలిఫాక్స్‌లో. అట్లాంటిక్ సముద్రం భూమిలోనికి చొచ్చుకొని వచ్చి సహజమైన రేవుగా అమరిన చోటు అది.

మేము చేరేసరికే క్రిస్మస్ సందడి మొదలయింది. అక్కడ అది ఒకనాటి పండుగ కాదు. నెలన్నర పాటు సాగే పిల్లల పండుగ. నవంబరులో ఒక శనివారం సాయంత్రం నగరవీధులలో దీపాల ఊరేగింపు జరుగుతుంది. ఏడేళ్ళ మా మేనల్లుడు వెళ్ళి తీరాలని పట్టుబట్టాడు. అమ్మ కొంచెం సంకోచించింది. “మనం వెళ్ళవచ్చునా?” అని చెల్లెలి ముఖం చూసింది. “ఈసా మన ప్రవక్తలలో ఒకరే కదా అమ్మీ! పైగా మనం పోయేది ప్రార్థనకు కాదు, పిల్లవాడి సంతోషానికి” అన్నది చెల్లెలు. అమ్మ మారు మాట్లాడకుండా శాలువా కప్పుకున్నది.

దీపాలతో అలంకరించిన బండ్లు ఒకదాని వెనుక ఒకటి సాగిపోతున్నాయి. వాద్యబృందాలు బాకాలు ఊదుతున్నాయి. వీధికి ఇరువైపులా కుటుంబాలకు కుటుంబాలే దుప్పట్లు కప్పుకొని, వేడి చాకొలెట్ పానీయం త్రాగుతూ నిలుచున్నాయి. మా మేనల్లుడు నా భుజాల మీద కూర్చుని, ఎర్రని దుస్తుల క్రిస్మస్ తాత కనబడగానే కేరింతలు కొట్టాడు. ఆ క్షణాన మా ఊరి పీర్ల పండుగ జ్ఞాపకం వచ్చింది. పీర్లు లేచిన రాత్రి, హిందూ సోదరుల పిల్లలు తమ తండ్రుల భుజాలెక్కి అగ్నిగుండాన్ని చూసే దృశ్యం కళ్ళముందు నిలిచింది. ఒకరి పండుగను మరొకరి బిడ్డ భుజాలెక్కి చూడడం మనకు కొత్త కాదు కదా అనిపించింది.

మరుసటి వారం ప్రక్కింటివారు తమ ఇంటికి చెట్టును తెచ్చుకోవడానికి బయలుదేరుతూ మమ్మల్ని కూడా రమ్మన్నారు. హాలిఫాక్స్‌కు సుమారు వంద కిలోమీటర్ల దూరాన లూనెన్‌బర్గ్ ప్రాంతం ఉన్నది. మనకు మామిడి తోటలెలాగో వారికి అక్కడ క్రిస్మస్ చెట్ల తోటలు అలాగు. బాల్సమ్ ఫర్ అనే జాతి చెట్టు అది. ఇంట నిలుపుకొనేపాటి ఎత్తుకు ఎదగడానికి పదేళ్ళ వరకు పడుతుంది. కుటుంబమంతా తోటలో తిరిగి, నచ్చిన చెట్టును ఎన్నుకొని, చేతి రంపంతో తామే కోసుకుంటారు. కోసిన చెట్టు నుండి వెలువడే పరిమళం చేతులకు అంటుకొని సాయంత్రం దాకా వదలలేదు.

తిరుగు ప్రయాణంలో ప్రక్కింటి పెద్దాయన ఒక సంగతి చెప్పాడు. ప్రతి సంవత్సరం నోవా స్కోషియా ప్రజలు నలభై అడుగులకు మించిన ఒక మహావృక్షాన్ని అమెరికాలోని బోస్టన్ నగరానికి కానుకగా పంపుతారట. నవంబరులో ఆ చెట్టును నరికే రోజున బడిపిల్లలు చుట్టూ చేరుతారట. ఎవరి స్థలంలో ఆ చెట్టు దొరికితే వారు వెల తీసుకోకుండా ఇస్తారట. “ఎందుకు?” అని అడిగాను. ఆయన చెప్పిన కథ ఇది.

1917 డిసెంబరు 6. మొదటి ప్రపంచయుద్ధం సాగుతున్న రోజులు. ఉదయం హాలిఫాక్స్ రేవులోని ఇరుకు భాగంలో రెండు ఓడలు ఢీకొన్నాయి. వాటిలో మాంట్ బ్లాంక్ అనే ఫ్రెంచి ఓడ నిండా ప్రేలుడు పదార్థాలున్నాయి. ఓడ అంటుకున్నది. ఆ మంటలను చూడడానికి జనం కిటికీల వద్దకు చేరారు. తొమ్మిది గంటలు దాటిన కొద్ది నిమిషాలకు ఓడ ప్రేలిపోయింది. నగరపు ఉత్తరభాగం నేలమట్టమయింది. రమారమి రెండువేలమంది మరణించారు. తొమ్మిది వేలమంది గాయపడ్డారు. కిటికీ అద్దాలు పగిలి కళ్ళు పోగొట్టుకున్నవారు ఎందరో! మరునాడే మంచుతుఫాను విరుచుకుపడింది.

ఆ వార్త విన్న బోస్టన్ నగరం ఎవరి పిలుపుకూ ఎదురుచూడలేదు. ఆ రాత్రికి రాత్రే వైద్యులతో, నర్సులతో, మందులతో ఒక ప్రత్యేక రైలును బయలుదేరదీసింది. దారిలో మంచు అడ్డగించినా ఆ రైలు 8వ తేదీ ఉదయానికి హాలిఫాక్స్ చేరుకున్నది. ఆ మేలుకు గుర్తుగా మరుసటి సంవత్సరం, 1918లో, నోవా స్కోషియావారు బోస్టన్‌కు ఒక క్రిస్మస్ చెట్టును పంపారు.

“ఆనాటి నుండి ఏటా పంపుతున్నారన్నమాట” అన్నాను.

“లేదు. తరువాత మరచిపోయాం. మళ్ళీ పంపింది 1971లో” అన్నాడాయన.

నడుమ యాభై మూడు సంవత్సరాలు! ఆ తిరిగి పంపడం కూడా కేవలం కృతజ్ఞత వల్ల జరిగినది కాదని ఆయనే నవ్వుతూ ఒప్పుకున్నాడు. లూనెన్‌బర్గ్ చెట్ల పెంపకందారుల సంఘం తమ సరుకుకు అమెరికాలో పేరు రావాలని కూడా ఆశించిందట. తరువాత ఆ బాధ్యతను రాష్ట్ర ప్రభుత్వమే స్వీకరించింది. వినగానే నాకు కొంత నిరాశ కలిగింది. కాని ఆలోచించగా, ఆయన ఆ మాట దాచకుండా చెప్పినందుకే ఆ కథ మీద గౌరవం పెరిగింది. మనుషుల మంచి పనులలో కొంత స్వార్థం కలిసి ఉండవచ్చు, ఆలస్యం ఉండవచ్చు. అయినా అవి చేయకుండా ఉండడం కంటె చేయడమే మేలు.

డిసెంబరు మొదటి వారంలో బోస్టన్‌లో ఆ చెట్టుకు దీపాలు వెలిగించే ఉత్సవాన్ని ఇంట్లో అందరం తెరమీద చూశాము. మేనల్లుడు నా ఒడిలో కూర్చుని అడిగాడు: “మామూ, వాళ్ళు సాయం చేసి వందేళ్ళు దాటింది కదా! ఇంకా ఎందుకు పంపుతున్నారు?”

“మరచిపోకుండా ఉండడానికి” అన్నాను, ఉపాధ్యాయుడి ధోరణిలో.

“నువ్వెవరికి పంపుతావు?”

నా వద్ద సమాధానం లేదు.

6వ తేదీ ఉదయం ఫోర్ట్ నీధం అనే కొండమీది స్మారక గోపురం వద్దకు వెళ్ళాను. ఏటా ఆ రోజున అక్కడ ప్రజలు సమావేశమై మృతులను స్మరించుకుంటారు. ఆ గోపురంలోని గంటలను 1920లో ఒక చర్చికి సమర్పించినది బార్బరా ఓర్ అనే యువతి. ఆ ప్రేలుడులో ఆమె తల్లిని, తండ్రిని, తోబుట్టువులందరినీ కోల్పోయింది. చలికి వేళ్ళు కొంకర్లు పోతుండగా గంటలు మ్రోగాయి. ఆ శబ్దం వింటూ నిలుచున్న నాకు మా తెలుగు మాస్టారు గుర్తుకు వచ్చారు.

నాన్న కుట్టుమిషను సంపాదన మా ఇంటి భోజనానికే చాలేది కాదు. ఎం.ఏ.లో సీటు వచ్చినప్పుడు ఫీజుకు, హాస్టలుకు కావలసిన ఆరు వేల రూపాయలు మా హైస్కూలు తెలుగు మాస్టారు ఇచ్చారు. “ఉద్యోగం వచ్చాక ఇవ్వవచ్చులే” అన్నారు. ఉద్యోగం వచ్చింది. పెళ్ళి అయింది. వెళ్ళాలి, వెళ్ళాలి అనుకుంటూనే పదకొండు సంవత్సరాలు గడచిపోయాయి. మనుషులకు కృతజ్ఞత చూపనివాడు దైవానికీ చూపనివాడేనని మా పెద్దలు చిన్ననాడే నేర్పారు. అయిదు పూటలా నమాజు మానని నేను, నాలుగు గంటల బస్సు ప్రయాణాన్ని పదకొండేళ్ళు వాయిదా వేశాను.

2023 సంక్రాంతి సెలవులలో ఆ పల్లెకు వెళ్ళాను. మాస్టారు అరుగుమీద కూర్చుని ఉన్నారు. చూపు మందగించింది. గొంతు విని పోల్చుకున్నారు. “ఏరా, ఇన్నాళ్ళకు దారి తెలిసిందా?” అన్నారు. నేను డబ్బు కవరు చేతిలో పెట్టబోగా “ఏ డబ్బు?” అని ఆశ్చర్యపోయారు. ఆయనకు నిజంగానే జ్ఞాపకం లేదు. నేను పద్యంలో యతి తప్పి చదివి దెబ్బ తిన్న సంగతి మాత్రం చక్కగా జ్ఞాపకం ఉన్నది!

అమ్మగారు ఏరని అడిగాను. 2020లోనే పోయారట. వచ్చేటప్పుడు వారి అమ్మాయి నన్ను వాకిటి దాకా సాగనంపుతూ మెల్లగా చెప్పింది: “ఆ డబ్బు అమ్మ గాజులు కుదువ పెట్టి తెచ్చినది అన్నా. మీకు చెప్పవద్దన్నది.”

ఆ మాట విని బస్టాండుకు ఎలా నడిచానో నాకు తెలియదు. నేను ఋణపడినది ఒకరికని అనుకున్నాను; ఇద్దరికట. అందులో ఒకరికి చెల్లించే అవకాశం నా ఆలస్యం వల్ల ఎన్నటికీ పోయింది. 1971లో బోస్టన్‌కు చెట్టు చేరేనాటికి, ఆనాటి రైలులో మంచును దాటి వచ్చిన వైద్యులలో, నర్సులలో దానిని చూడడానికి ఎందరు మిగిలి ఉంటారు?

అప్పటినుండి ఏటా సంక్రాంతి సెలవులలో మాస్టారి ఇంటికి వెళ్ళి వస్తున్నాను. తీసుకువెళ్ళేది పెద్ద కానుక ఏమీ కాదు. కొన్ని పండ్లు, రెండు కొత్త పుస్తకాలు. పుస్తకాలు ఆయనకు నేనే చదివి వినిపిస్తాను. యతి తప్పితే ఇప్పటికీ గద్దిస్తారు. ఋణం తీరిందని ఆయన అంటారు. తీరలేదని నాకు తెలుసు.

విద్యార్థీ మిత్రులారా! పండుగలు ఏ మతానివైనా వాటికొక గొప్ప సుగుణం ఉన్నది. అవి తేదీ తప్పకుండా వస్తాయి. మనసు మరచిపోయినా పంచాంగం మరువదు. మీ చదువు వెనుక ఎవరి గాజులు కుదువలో ఉన్నాయో ఈ సెలవులలోనే విచారించండి. వారు అరుగుమీద కూర్చుని ఉండగానే వెళ్ళండి.