ఎల్‌ఖార్ట్ చక్రాల ఇళ్ళు

షికాగోకు తూర్పుగా సుమారు రెండు గంటల ప్రయాణంలో, ఇండియానా రాష్ట్రంలో ఎల్‌ఖార్ట్ అనే ఊరుంది. కారుకు తగిలించి లాక్కుపోయే ఇళ్ళు, అంటే ట్రావెల్ ట్రైలర్లు, అమెరికాలో ఎక్కువగా తయారయ్యేది ఆ చుట్టుపక్కలే. గుర్రబ్బండ్లలో తిరిగే ఆమిష్ మతస్థులు ఎందరో ఈ కర్మాగారాల్లో పనిచేయడం విశేషం. పాతకాలపు బండ్లతో ఒక మ్యూజియం కూడా ఉంది.

మా అబ్బాయి అక్కడే వాడిన ట్రైలరొకటి బేరమాడాడు. సోఫా, వంటగట్టు చూసి కోడలు మురిసిపోయింది. తనఖా ఇళ్ళు చూసిన అలవాటు కొద్దీ నేను నిచ్చెన అడిగాను. చాలా ట్రైలర్ల కప్పు మీద ఉండేది పల్చటి రబ్బరు పొర. ఏసీకీ, గాలి గొట్టాలకూ దానికి కంతలు కోసి, చుట్టూ లప్పంలా సీలెంటు పూస్తారు. ఎండకు, దారి కుదుపులకు ముందుగా పగిలేది అదే. గోడలోని కర్ర చట్రం నానిపోయాక గాని మరక బయటపడదు. కాబట్టి కిటికీల కింద, మూలల్లో, మంచం కింది అరల్లో అరచేత్తో నొక్కి చూడాలి. బయటి ఫైబర్ గోడ ఉబ్బి ఉంటే లోపల అతుకు విడిపోయినట్లే. ముక్క వాసన వస్తే ఇక బేరం దేనికి?

ఈ బండిలో స్నానాలగది మూల కొత్త షీటు పరిచారు. కాలు పెడితే నేల దిగింది. అమ్మేవాడు ధర తగ్గిస్తానన్నాడు గాని, నేల విప్పితే ఎంతవుతుందో చెప్పలేకపోయాడు. వద్దనుకున్నాం. వచ్చే నెల ఇంకొకటి చూస్తారట, వాన వెలిసిన మర్నాడు.