పిడికిటిలోని రబ్బరు

బెజవాడలో క్రొత్త మోటారు సైకిలు కొన్నవాడు దానిని తిన్నగా ఇంటికి తోలుకొనిపోవుట అరుదు. ముందుగా ఇంద్రకీలాద్రి దాపునకు చేర్చి, దుర్గమ్మ సన్నిధిని నిలిపి, హెడ్‌లైటునకు పూలదండ వేయించి, పెట్రోలు ట్యాంకుమీద కుంకుమతో స్వస్తికము వ్రాయించి, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టించి, అవి చితుకునట్లు బండిని ముందునకు కదలించి, అటుపిమ్మటనే ఇంటిదారి పట్టును. ఈ ఉపచారములలో దీపమునకు, చక్రమునకు, ఇంజనునకు, తుదకు నంబరు పలకకు సయితము పసుపు కుంకుమలు దక్కును గాని, ఆసామి రేపటినుండి రెండు చేతులతో పట్టుకొని తన ప్రాణమును అప్పగింపబోవు ఆ రెండు రబ్బరు తొడుగులకు మాత్రము ఒక్క బొట్టయినను అంటదు. దసరా ఆయుధపూజనాడును ఇదే వరుస.

దుకాణములలో వీనిని గ్రిప్పులందురు, జతగా అమ్ముదురు. పైకి రెండును ఒక్క అచ్చున పోసినట్లే యుండును గాని లోపల భేదమున్నది. ఎడమది హ్యాండిలు గొట్టమును నేరుగా పట్టుకొని యుండును. ఆ గొట్టపు వ్యాసము చాల బండ్లకు 22 మిల్లీమీటర్లు. కుడిది ఆ ఇనుమును తాకనే తాకదు. ఇనుప గొట్టముమీద తేలికగా తిరుగు ప్లాస్టిక్ గొట్టము మరియొకటి యుండును. ఎక్స్‌లేటరు వైరు దానికి తగిలించి యుందురు. దానిమీద ఈ రబ్బరు కూర్చుండును. కావున కుడిదాని రంధ్రము కొంత పెద్దది. ఈ సంగతి యెరుగక ఎడమదానిని కుడివైపున ఎక్కింపబూని గంటసేపు చెమటోడ్చువారు కలరు.

మణికట్టు త్రిప్పినంత మాత్రమున వేగము హెచ్చునను ఈ ఏర్పాటు మొదటినుండి అన్ని బండ్లకును ఉన్నది కాదు. ఇంగ్లీషువారి పాత మోటారు సైకిళ్ళకు బొటనవ్రేలితో జరుపు చిన్న మీటలుండెడివి. అమెరికావారి ‘ఇండియన్’ బండికి చిరకాలము ఎక్స్‌లేటరు ఎడమచేతి వైపుననే యుండెను. మనయొద్ద వెస్పాలు, లాంబ్రెట్టాలు, వాని వెనుక బజాజ్ చేతక్కులు తిరిగిన కాలమున ఎడమచేతికిని చేతినిండ పనియుండెడిది. క్లచ్చు పట్టి ఆ గ్రిప్పును పైకో క్రిందికో త్రిప్పిన గాని గేరు పడదు. స్కూటరునకు అందుచే రెండు గ్రిప్పులును అరుగును. మోటారు సైకిలునకు అట్లు కాదు. కుడిదే ముందుగా కాలము చేయును.

కాలము చేసిన గ్రిప్పును తీరికగా పరిశీలించువానికి దానియందు మంచి గ్రంథసామగ్రి దొరకును. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ సందు ఆనుచోట గాట్లన్నియు అణగి నున్నబడి మెరయుచుండును. అదే గ్రిప్పును కొంచెము త్రిప్పి, నాలుగు వ్రేళ్ళును మడతపడు క్రిందివైపు చూచినచో, ఆ చిన్న చిన్న డైమను గాట్లు అంగడినుండి తెచ్చిననాటి పదునుతోనే యుండును. చివర పోతపోసిన కంపెనీ పేరులో మొదటి రెండక్షరములు మిగిలి తక్కినవి అరచేతిలో కలసిపోవును. ఎడమదాని కొస చిరిగి లోపలి గొట్టము బయటపడిన యెడల ఆ బండి గోడలకు ఒరగబెట్టబడినదో, ఒకటి రెండుమార్లు నేలకు ఒరిగినదో అయియుండును. కంకిపాడు వైపునుండి వేకువనే పాల క్యాన్లు కట్టుకొని వచ్చువాని గ్రిప్పు వెన్న చేతులు తగిలి తగిలి ఉబ్బి మెత్తబడియుండును. దివిసీమ రైతుది గాట్లలో ఎండిన బురదతో తెల్లబడియుండును. హస్తసాముద్రికులు అరచేతిని చూచి చెప్పుదురు. నన్నడిగిన గ్రిప్పును చూచి చెప్పుట సులభమందును, దక్షిణయు అక్కరలేదు.

రబ్బరునకు ఇంత త్వరగా వార్ధక్యము వచ్చుటకు మన ఊరి వాతావరణము కొంత కారణము. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ అను అమెరికావాడు గంధకము కలిపి వేడిచేసిన రబ్బరు చలికి పెళుసెక్కక, ఎండకు కరగక నిలుచునని కనుగొనెను గాని, ఆయన బెజవాడ వైశాఖమాసమును ఎరుగడు. ఉష్ణము 45 డిగ్రీలను తాకు దినమున, బీసెంటు రోడ్డు ప్రక్కను నీడలేని చోట మధ్యాహ్నమంతయు నిలిపిన బండిని ముట్టినవానికే ఆ సంగతి తెలియును. ఎండలోని అతినీలలోహిత కిరణములును గాలిలోని ఓజోనును రబ్బరును నెర్రెలు పెట్టును. నూనె దానిని ఉబ్బించును. చౌకరకపు గ్రిప్పులు మరియొక విధముగా చెడును: మెత్తదనముకొరకు కలిపిన తైలము మెల్లమెల్లగా పైకి తేలి జిగురగును. ఆ నలుపు అరచేతికి, అరచేతినుండి తెల్లచొక్కాకు, చొక్కానుండి గృహకలహమునకు సంక్రమించును.

అప్పుడైనను గ్రిప్పులు మార్చుదురా యనిన, మార్చరు. రోడ్డుప్రక్కను త్రాటికి వ్రేలాడగట్టి అమ్ము స్పాంజి తొడుగులు కొని పాతవానిమీదనే ఎక్కింతురు. నాకు ఈ తొడుగులమీద ఏమాత్రము సదభిప్రాయము లేదు. శ్రావణములో ఒక వాన కురిసిన చాలును, మరునాటి ఉదయముదాక పిడికిలి బిగించినప్పుడెల్ల మోచేతివరకు నీరు కారును. పైగా అవి గ్రిప్పును లావు చేయుటచే చిన్న చేతులవారికి బ్రేకు లివరు అందుట కష్టమగును. ఇంతకంటె సైకిలు ట్యూబు ముక్క కోసి చుట్టుకొనువాడు మేలు. అతని బీదతనమునందు వేషము లేదు.

1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి, తిరువొత్తియూరులో బుల్లెట్ల తయారీ వేళ్ళూనిన తరువాత, ఆ బండి మన డెల్టాలోని కలవారి వసారాలకు అలంకారమయ్యెను. దాని శబ్దమును గూర్చి పొగడనివారు లేరు. ఆ శబ్దముతోపాటు వచ్చు కంపమును గూర్చి చెప్పువారే తక్కువ. బెజవాడనుండి బందరు సుమారు 70 కిలోమీటర్లు. ఉయ్యూరు దాటి పామర్రు చేరులోపల వ్రేళ్ళు తిమ్మిరెక్కును. ఆ అదురును మొదట అందుకొనునది ఈ పలుచని రబ్బరే. ఇప్పటి బండ్లలో పెక్కింటికి హ్యాండిలు కొసలయందు బరువైన ఇనుప దిమ్మలు బిగించుట ఈ కంపమును మందగింపజేయుటకే గాని సొగసుకు కాదు.

మార్చుట పెద్ద విద్య కాదు. దిమ్మలున్నచో ముందు వాని స్క్రూలు విప్పవలెను. తుప్పు పట్టియుండిన ఈ పనియే తక్కిన పనియంతటికంటె ఎక్కువ సేపు పట్టును. పిమ్మట సన్నని స్క్రూడ్రైవరును గ్రిప్పు అంచుక్రింద గీతపడకుండ దూర్చి, ఆ సందున సబ్బునీరు పోసి అటునిటు మెలిత్రిప్పవలెను. కొంతసేపు మొండికేసి, నీరు లోపలిదాక ప్రాకినపిమ్మట, ఒక్కసారిగా అది తాటిముంజ వ్రేళ్ళసందున జారినట్లు జారి చేతిలోనికి వచ్చును. వీధిమూలల మెకానిక్కులకు ఇంతకంటె దగ్గరదారి యున్నది. ప్రక్క పంక్చరు కొట్టునుండి గాలిపైపు లాగుకొనివచ్చి దాని ముక్కును అంచుక్రింద దూర్చి గాలి కొట్టుదురు. రబ్బరు ఉబ్బి గొట్టమును వదలి తేలుచు వెలికి వచ్చును. చూడ ముచ్చటైన దృశ్యము. మనది లారీలకు బాడీలు కట్టుటలో పేరుమోసిన ఊరు. కాని ఇంతటి పనికి జవహర్ ఆటోనగరుదాక పోనక్కరలేదు. పాతదానిని పారవేయుటే యైనచో బ్లేడుతో నిలువున కోయవచ్చును. కుడివైపున మాత్రము క్రింద నున్నది ప్లాస్టిక్కని మరువరాదు.

క్రొత్తది ఎక్కించుటయందే మనవారు తొందరపడుదురు. గొట్టముమీది పాత జిగురు గీకి, తుప్పును ఉప్పుకాగితముతో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి, గ్రిప్పులకని అమ్ము జిగురును పలుచగా పూసి, అది బిగియకమున్నే ఒక్క ఊపున నెట్టవలెను. సులభముగా జారునని ఇంజనాయిలు రాచుట కలదు. జారును, నిజమే, ఎక్కునప్పుడు జారినది ఎక్కినపిమ్మటను జారుచునే యుండును. ఎడమది జారిన చిరాకు, బ్రేకు పట్టువేళ ప్రమాదము. కుడిది జారినదా, మణికట్టు తిరుగును, రబ్బరు తిరుగును, లోపలి గొట్టము తిరుగదు. 1957లో పూర్తియైన ప్రకాశం బ్యారేజీ పొడవు 1223 మీటర్లు. సాయంకాలము ఆఫీసులు వదలినవేళ ఆ ఇరుకుదారి నడుమ, వెనుక ఆటో హారను మ్రోగుచుండగా, ఈ స్థితి ఎట్లుండునో వ్రాయనక్కరలేదు.

కుడి గ్రిప్పును స్విచ్చుల పెట్టెకు గాని కొసనున్న దిమ్మకు గాని రాసికొననీయక అటునిటు వెంట్రుకవాసి సందు విడువవలెను. రాసికొనిన ఎక్స్‌లేటరు త్రిప్పినచోటనే చిక్కుకొనును, బండి మన మాట వినదు. ఇంజను ఆపియుండగా పూర్తిగా త్రిప్పి వదలిన టక్కున వెనుకకు రావలెను. ఇంజను మెల్లగా తిరుగుచుండగా హ్యాండిలును ఈ కొసనుండి ఆ కొసకు మరల్చి చూడవలెను. ఆ మరల్చుటలో శబ్దము హెచ్చిన వైరు బిగుతుగా నున్నదన్నమాట.

జిగురు ఆరుటకు ఒక రాత్రి పట్టును. కావున పాఠకులకు నా మనవి యొక్కటే: గ్రిప్పులు సాయంకాలమున మార్పించుకొనుడు, మెకానిక్కు “ఏమీ ఫరవాలేదండీ, ఎక్కి పోనివ్వండి” అన్నను వినక, ఆ రాత్రికి బండిని అక్కడనే విడిచి సిటీబస్సులో ఇంటికి పొండు.