పురుగును కాపాడిన రాతికొండ!

సిడ్నీలో విమానమెక్కితే సుమారు రెండు గంటల్లో లార్డ్‌ హోవ్‌ దీవిలో దిగొచ్చు. పచ్చని కొండలూ పగడపు దిబ్బలూ తెల్లని ఇసుక తీరాలూ... రోడ్లమీద కార్లకంటే సైకిళ్లే ఎక్కువ. అయితే వెళ్లాలనుకున్న అందరికీ ఒకేసారి చోటుండదు. ఏ సమయంలోనైనా 400 మంది పర్యటకులకే అనుమతి. 1982లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన ఈ దీవికి ఓ పురుగు కథ కూడా ఉంది.

ఎండుపుల్లలా కొమ్మకు అతుక్కుని ఉండే పుల్లపురుగును చూసే ఉంటారు. ఇక్కడిది మాత్రం మహాకాయం. 15 సెంటీమీటర్ల పొడవు, వేలంత లావు. రెక్కలుండవు. నల్లగా నిగనిగలాడుతుంది. ఒకప్పుడు జాలర్లు వీటిని గాలానికి ఎరగా గుచ్చేవారు. అన్ని ఉండేవి మరి!

1918 జూన్‌లో మకాంబో అనే ఓడ దీవి దగ్గర నేలకు తట్టుకుని ఆగిపోయింది. అందులోని ఎలుకలు ఒడ్డుకు చేరాయి. అంతే... రెండేళ్లు తిరిగేసరికి పుల్లపురుగు జాడ లేదు. కొన్ని రకాల పక్షులదీ అదే గతి.

దీవికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో సముద్రంలోంచి గోపురంలా నిటారుగా లేచిన ఓ రాతికొండ ఉంది. పేరు బాల్స్‌ పిరమిడ్‌. ఎత్తు 550 మీటర్ల పైనే. పడవ ఆపే రేవు లేదు, రాతిమీదికి దూకాల్సిందే. 1964లో దాన్ని ఎక్కబోయినవారికి చచ్చిన పుల్లపురుగు ఒకటి కనిపించింది. బతికున్నవాటి కోసం 2001లో శాస్త్రవేత్తలు వెళ్లారు. పగలు ఓ పొద కింద తాజా రెట్టలు కనిపించాయి. పురుగులు తిరిగేది రాత్రిపూటే కాబట్టి చీకటిపడ్డాక టార్చిలైట్లతో మళ్లీ ఎక్కారు. అక్కడున్నవి... 24 పురుగులు!

2003లో రెండు జంటల్ని తీసుకొచ్చారు. ఒక జంట కొద్దిరోజులకే చనిపోయింది. మెల్‌బోర్న్‌ జూకి చేరిన జంటకు ఆడమ్‌, ఈవ్‌ అని పేర్లు పెట్టారు. ఈవ్‌ జబ్బుపడితే సంరక్షకుడు మకరందంలో కాల్షియం కలిపి చుక్కచుక్కగా తాగించి బతికించాడు. ఆ తర్వాత జూలో పుట్టినవి వేలల్లోనే.

మరి ఇంట్లో ఎలుకలుంటే తిరిగి వెళ్లేదెలా? దీవి అంతటా విషం చల్లి ఎలుకల్ని చంపుదామంటే జనం రెండుగా చీలిపోయారు. పిల్లలకూ పశువులకూ ప్రమాదమని కొందరి భయం. 2015లో ఓటింగ్‌ పెడితే సగానికి కాస్త ఎక్కువమంది సరేనన్నారు. 2019లో ఆ పని మొదలైంది.

ఒక్క ఓడ చేసిన తప్పును దిద్దడానికి పూనుకునేసరికే నూరేళ్లు గడిచాయి. ఆ పురుగుల్ని మళ్లీ పుట్టింటికి చేర్చాలన్నదే ఇంత శ్రమ వెనకున్న ఆశ!