నేల మీది జూబ్లీ హిల్స్

ఫిల్మ్‌నగర్ వెనక, షేక్‌పేట వైపు లేచిన టవర్లలో ఒకదాని 17వ అంతస్తులో ఉంటున్నాం. మా రిజిస్ట్రేషన్ కాగితాల్లో ఫ్లాటు చదరపు అడుగుల పక్కనే ఇంకో అంకె ఉంది: 52 గజాల అవిభాజ్య వాటా. అంటే ఈ టవర్ల కింద ఉన్న మొత్తం స్థలంలో 52 గజాలు మావి. అవి ఏ మూల ఉన్నాయంటే ఎవరూ చూపించలేరు. వాటా ఉంటుంది, హద్దులుండవు. అపార్ట్‌మెంట్ల చట్టం మన దగ్గర 1987లోనే వచ్చింది. అప్పటినుంచి నగరంలో లక్షలమంది ఇలాగే బతుకుతున్నారు, ఇందులో వింతేమీ లేదు. అయినా ఆ కాగితం బయటికి తీసినప్పుడల్లా నాకు హద్దులున్న నేల గుర్తొస్తుంది. తూర్పున రోడ్డు, పడమర పెద్ద గుండు, దక్షిణాన ఖాళీ ప్లాటు, ఉత్తరాన సీతాఫలం పొదలు. జూబ్లీ హిల్స్‌లో మా పాత ఇంటి హద్దులవి.

నాన్నది సినిమాల్లో ఎడిటింగ్ అసిస్టెంటు పని. మూవియోలా ముందు కూర్చుని రష్‌లు సర్దుకుంటూ మద్రాసులో చాలా ఏళ్లు గడిపారు. కోడంబాకం, వడపళని దాటి తెలుగు సినిమా ఎక్కడికీ పోదని ఆ రోజుల్లో అందరూ అనుకునేవారట. అమీర్‌పేటలో సారథీ స్టూడియో అప్పటికే ఉన్నా, పని మాత్రం మద్రాసులోనే జరిగేది. అక్కినేని నాగేశ్వరరావు ఇక్కడి రాళ్లగుట్టల మధ్య 22 ఎకరాల్లో అన్నపూర్ణ స్టూడియోస్ కట్టి, 1976 సంక్రాంతికి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ చేత ప్రారంభం చేయించాక గాలి మెల్లగా ఇటు తిరిగింది. తర్వాత కృష్ణ పద్మాలయా స్టూడియోస్, గుట్ట మీద రామానాయుడు స్టూడియోస్ వచ్చాయి. సినిమావాళ్ల సొసైటీతో ఫిల్మ్‌నగర్ తయారైంది. పనితోపాటు మనుషులూ కదిలారు. పెట్టెలు సర్దుకుని వచ్చిన వాళ్లలో మేమూ ఉన్నాం.

నాన్న ప్లాటు కొన్నారని తెలిసి ఊరినుంచి వచ్చిన పెద్దమామయ్య చుట్టూ చూసి, "బావా, స్థలం కొన్నానన్నావు, రాళ్లు కొన్నావేంటి?" అన్నాడు. తప్పులేదు. 1960లలో ఏర్పడ్డ జూబ్లీ హిల్స్ హౌస్ బిల్డింగ్ సొసైటీ రోడ్లు వేసి, నంబర్లు ఇచ్చినా మధ్యలో మిగిలిందంతా గుట్టే. ఆ నంబర్లూ ఒక వరసలో ఉండేవి కావు. కొత్తవాళ్లకు దారి చెప్పాలంటే రాళ్లే గుర్తు. టోపీ పెట్టుకున్న రాయి దగ్గర కుడివైపు, రెండు గుండ్ల మధ్యనుంచి పైకి అని చెప్పేవాళ్లం. కోఠీ నుంచి వచ్చే 127కె బస్సు దిగి, ఆ గుర్తులు పట్టుకుని చుట్టాలు ఇంటికి చేరేవారు.

ఆ రాయి గ్రానైటు. వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. గుండు మీద గుండు ఎవరో ఎత్తి పెట్టినట్టు కనిపిస్తుంది గానీ ఎవరూ పెట్టలేదు, ఎక్కడినుంచో దొర్లి రానూ లేదు. నేల లోపల ఉన్నప్పుడే పెద్ద రాయి అడ్డంగా, నిలువుగా బీటలు వారింది. ఆ బీటల్లోకి నీళ్లు దిగి అంచులు మెత్తబడి మొరంగా మారాయి. వానలకు మట్టీ మొరమూ కొట్టుకుపోయాక, గట్టిగా ఉన్న నడిమి భాగాలు గుండ్రంగా, ఉన్నచోటే, ఒకదానిమీద ఒకటి మిగిలిపోయాయి.

మా పడమటి హద్దు మీద అలాంటిదొకటి ఉండేది, పడుకున్న ఏనుగంత. దాన్ని కొట్టించి పునాదికి వాడదామని నాన్న ఆలోచన. పనికొచ్చిన వడ్డెర మేస్త్రి గుండు చుట్టూ ఒకసారి తిరిగి, సుత్తితో నాలుగుచోట్ల తట్టి, చెవి పెట్టి విన్నాడు. "పైకి కనబడేదే గుండు గాదు సార్, లోపటంత షీటుంది. కొట్టుకుంట పోతే మీ పైసలయిపోతయ్ గని రాయి అయిపోదు. దీన్నిట్లనే ఉంచి గోడ లేపుర్రి" అన్నాడు. అలాగే లేపారు. మా స్టోరు గది పడమటి గోడ మూడొంతులు గుండే. వేసవిలో పగలంతా ఆ గది చల్లగా ఉండేది. చీకటి పడ్డాక, రాయి పగలు తాగిన వేడినంతా మెల్లగా బయటికి వదిలేది. వానాకాలం ఒక పగులులోంచి సన్నగా నీటి ధార దిగేది. అమ్మ దాని కింద ఇత్తడి గిన్నె పెట్టేది. గుండు నెత్తి మీద వడియాలు, అప్పడాలు ఎండేవి.

మిగతాచోట నేల చదును చేసినప్పుడు రాయి తీసిన తీరు నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. షీటు మీద కట్టెలు పేర్చి మంట పెట్టేవారు. పూట కాలాక సమ్మెటతో తట్టుకుంటూ పోయేవారు. ఎక్కడ బోలు మోత వస్తే అక్కడ పొర లేచినట్టు. ఆ పొరను గుణపాలతో ఎత్తి, ఉలితో వరసగా చిన్న గుంటలు తొలిచి, వాటిలో ఇనుప చీలలు దిగ్గొట్టేవారు. తర్వాత ఒక్కో చీల మీద ఒక్కో దెబ్బ, చివరిదాకా పోయి మళ్లీ మొదటినుంచి. రాయి విడిపోబోయే ముందు మోత మారుతుంది. ఆ మార్పు వినగానే మేస్త్రి చెయ్యెత్తి పిల్లల్ని వెనక్కి పొమ్మనేవాడు. మరో దెబ్బకు గీత గీసినట్టు రెండు ముక్కలయ్యేది. ఆ వీధిలో ఎవరి ప్రహరీ చూసినా వాళ్ల నేలలోంచి తీసిన రాయే.

గుండ్ల మధ్య ఉన్నవన్నీ ఆ గుట్టవే. ఎవరూ నాటని సీతాఫలం చెట్లు, తెల్లవారుజామున కూసే కౌజులు, మెట్ల మీద ఎండకాగే ఉడుములు, అప్పుడప్పుడూ నీళ్లగదిలో జెర్రిపోతు. ఆశ్వయుజంలో గుట్ట పసుపుపచ్చగా తంగేడు పూసేది. బతుకమ్మ పేర్చడం అమ్మకు మా పక్కింటి అత్తయ్య నేర్పింది. ఆవిడ మెదక్ వైపు మనిషి. ఇద్దరూ కొడవలి పట్టుకుని ఇంటి వెనక్కి వెళ్లి బుట్టనిండా పూలు తెచ్చేవారు. ఆ అడివిలో ఒక ముక్క మిగిలింది 1998లో జాతీయ ఉద్యానంగా ప్రకటించిన కాసు బ్రహ్మానందరెడ్డి పార్కులో. నెమలి కూత వినాలంటే ఇప్పుడు అక్కడికే పోవాలి.

నీళ్ల సంగతి వేరు. గుట్ట మీది ఇల్లు చూడ్డానికి బాగుంటుంది, నల్లానీళ్లు మాత్రం ఎక్కవు. మంజీరా నీళ్లు రోజు విడిచి రోజు వచ్చేవి. పల్లంలో ఉన్నవాళ్ల సంపులు నిండాకే మా వంతు. "వదినగారూ, మీకొచ్చాయా?" అని గోడ మీదుగా ఒక కేక, "ఇప్పుడే సన్నగా మొదలైందండీ" అని ఒక జవాబు. ఆ జవాబు విన్నాకే అమ్మ మోటారు వేసేది. ఎవరింట్లో పెళ్లి, ఎవరింట్లో జ్వరం, ఎవరబ్బాయికి సీటొచ్చింది, అంతా ఆ నల్లా వేళల్లోనే తెలిసేది.

ఎండాకాలం ట్యాంకరు కోసం వీధంతా ఎదురుచూస్తున్న రోజుల్లో, రెండిళ్లవతల వాన కురిసేది. షూటింగు వాన. నాలుగు ట్యాంకర్లు వరసగా నిలబెట్టి, పైపులెత్తి, నాయకా నాయికల మీద కుమ్మరించేవారు. బిందె చంకనపెట్టుకుని మా పనమ్మాయి గేటు దగ్గర నిలబడి ఆ వానను చూసేది. ప్యాకప్ అయ్యాక ట్యాంకర్లో మిగిలిన నీళ్లు వీధికి వదిలిపెట్టమని ఒక పెద్దాయన ప్రొడక్షన్ మేనేజరుతో మాట్లాడి ఒప్పించాడు. ఆ తర్వాత షూటింగు అంటే మా వీధికి పండగే.

షూటింగు ఇళ్లు జూబ్లీ హిల్స్‌కే ప్రత్యేకం. పెద్ద హాలు, హాలు మధ్యనుంచి రెండువైపులా చీలి పైకెక్కే మెట్లు, పైన చెక్క కటకటాల వరండా. అలాంటి ఇల్లుంటే కాల్షీటు లెక్కన అద్దె. నాయకుడి ఇల్లూ అదే, ప్రతినాయకుడి ఇల్లూ అదే, కర్టెన్లు మాత్రం వేరు. తెల్లవారకముందే జనరేటర్ వ్యాను మలుపులో ఆగేది. చెయ్యంత లావు కేబుళ్లు మా గేటు ముందునుంచి పాకేవి. పగలే రాత్రి సీను తియ్యాలంటే కిటికీలకు నల్లగుడ్డలు కట్టేవారు. కృష్ణానగర్‌నుంచి వచ్చిన జూనియర్ ఆర్టిస్టులు పట్టుచీరల్లో, పెళ్లిసీను పిలుపుకోసం మా అరుగు మీద కూర్చుని ఇడ్లీ తినేవారు. తిన్నాక మంచినీళ్లడిగేవారు. ఎవరూ లేదనేవారు కాదు.

ఆ ఇళ్లు ఇప్పుడు చాలావరకు లేవు. మధ్యాహ్నం టీవీలో పాత సినిమా వస్తే మాత్రం ఉంటాయి. నాయకుడు మెట్లు దిగుతుంటే మా అమ్మ అతన్ని చూడదు. "అదుగో, అత్తయ్యవాళ్ల గోడగడియారం" అంటుంది. మా ఇల్లు చిన్నది, రెండువైపులా మెట్లు లేనిది. దాన్ని ఏ కెమెరా తియ్యలేదు. ఏ సినిమాలోనూ వెతికి చూసుకునే వీలు లేదు.

మార్పు ఒక్కరోజులో రాలేదు. 1998 నవంబరులో వాజపేయి సైబర్ టవర్స్ ప్రారంభించాక, మాదాపూర్‌కు పోయే దారి మా మీదుగానే. రోడ్ నంబర్ 36లో ఇళ్లు ఒక్కొక్కటే షోరూములయ్యాయి. 2006లో వచ్చిన 86వ నంబరు జీవోతో, స్థలానికి ఇన్ని రెట్లే కట్టాలన్న పాత లెక్క పోయింది. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే ఖాళీ చూసి ఎత్తు నిర్ణయించే పద్ధతి వచ్చింది. జూబ్లీ హిల్స్ లోపల ఇళ్లు నాలుగైదంతస్తులయ్యాయి, చుట్టూ మణికొండ, షేక్‌పేట, రాయదుర్గం వైపు టవర్లు ఆకాశానికెక్కాయి. పిల్లలు విదేశాలకు పోయారు, పెద్దవాళ్లకు మోకాళ్లు అరిగాయి. ఒక్కో ఇల్లూ డెవలప్‌మెంటుకు వెళ్లింది. పక్క ప్లాటుతో కలిపి మాదీ వెళ్లింది.

సెల్లారుకోసం తవ్వినప్పుడు చూడ్డానికి వెళ్లాను. కంప్రెసర్లు, డ్రిల్లింగు, మందు కూరడం, విజిలు, నేల అదిరే మోత. షీటు నిజంగానే లోపలికి చాలా దూరం ఉంది. మేస్త్రి అయిపోదన్న రాయి కొద్దివారాల్లో లారీలెక్కి అయిపోయింది. ఇప్పుడు ఆ చోట రెండంతస్తుల లోతున కార్లు నిలుపుతారు. వచ్చిన ఫ్లాట్లు అన్నదమ్ములం పంచుకున్నాం. నా వాటా అమ్మి ఇక్కడికొచ్చాను.

ఇక్కడి బతుకు మీద నాకు ఫిర్యాదు లేదు. నీళ్లు 24 గంటలూ ఉంటాయి, కరెంటు పోతే క్షణంలో జనరేటరు అందుకుంటుంది, రాత్రి గొళ్లెం వేశామో లేదో లేచి చూసుకోనక్కర్లేదు. బాల్కనీలోంచి గోల్కొండ కోట, కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు కనిపిస్తాయి. నేల మీద ఉన్నన్నాళ్లూ మాకవి కనపడలేదు. బతుకమ్మ క్లబ్‌హౌస్ ముందు లాన్‌లో ఆడతారు, తంగేడు గుడిమల్కాపూర్ మార్కెట్‌నుంచి తెప్పిస్తారు. పై అంతస్తులో ఎవరింట్లోనైనా జ్వరమొస్తే మాత్రం తెలియదు. నీళ్లకోసం ఒకరినొకరు పిలిచే అవసరం తీరిపోయింది, దాంతోపాటు ఆ పిలుపూ పోయింది.

ఇళ్లు పోవడం సహజమే, మనుషుల అవసరాలు మారతాయి. రాయి పోవడం అలాంటిది కాదు. రాళ్లను కాపాడాలని 1996లో నగరంలో ఒక సంఘం పుట్టింది. హుడా ఒకప్పుడు తొమ్మిది రాతి సముదాయాలను వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో జూబ్లీ హిల్స్‌లో బ్లూక్రాస్ పక్కనున్న పుట్టగొడుగు రాయి ఉంది, ఫిల్మ్‌నగర్ దగ్గరి రాయీ ఉంది. జాబితాలో లేనివి వందలు. అవి జనం ప్లాట్లలో ఉన్నవి, యజమానుల ఇష్టం మీద బతికినవి.

అందుకే జూబ్లీ హిల్స్‌లో, ఫిల్మ్‌నగర్‌లో ఇంకా పెరట్లో గుండున్న ఇల్లుండి, దాన్ని డెవలప్‌మెంటుకు ఇవ్వబోతున్నవాళ్లకు ఒక మాట. అగ్రిమెంటులో గుడ్‌విల్ ఎంతో రాయించుకుంటారు, పార్కింగులెన్నో, టైల్స్ ఏ రకమో రాయించుకుంటారు. ఎటూ నాలుగువైపులా ఖాళీ వదలాలి గనక, గుండు ఆ అంచున ఉంటే దాన్ని ఉన్నచోటే ఉంచాలని ఇంకో వాక్యం రాయించండి. ప్లాను గీయకముందే అడగండి. సెల్లారు తవ్వకం మొదలయ్యాక అడిగి లాభం లేదు.